వైపర్లు లేని నల్ల అంబాసిడర్

ఆయన పోయిన సంగతి నాకు వాట్సాప్‌లో తెలిసింది. మొన్న పొద్దున పళ్లు తోముకుంటూ ఫోను చూస్తే మా పాతకార్ల గ్రూపు నిండా చేతులు జోడించిన బొమ్మలే. అంతవరకు సరే. ఆ బొమ్మల కింద రాసిన మాటలు చదివాక కడుపు మండింది. 'కొత్తవారిని చేయిపట్టి నడిపించిన పెద్దదిక్కు' అని ఒకాయన. 'యువతకు పాతకార్ల మీద మక్కువ కలిగించిన మహనీయుడు' అని ఇంకొకాయన. ఈ రెండో ఆయన కొడుకే మా గుంపులోకి వచ్చిన మొదటిరోజున ఆ మహనీయుడి మాటలకు ముఖం మాడ్చుకుని వెళ్లిపోయి, మళ్లీ ఆ ఛాయలకు రాలేదు. పోయినవాళ్లను ఏమీ అనకూడదని మా ఆవిడ అంటుంది. ఆ మర్యాద నాకు అబ్బలేదు. అందరితో పాటు నేనూ చేతులు జోడించిన బొమ్మ ఒకటి పడేశాను గానీ, మనసు ఊరుకోక ఇప్పుడు ఇది రాయడానికి కూర్చున్నాను.

మాది పెద్ద సంఘమేమీ కాదు. అనంతపురంలో పాత కార్లున్న కొందరం నెలకొక ఆదివారం పొద్దున మూతపడిన వేరుశనగ నూనె మిల్లు ఆవరణలో కలుస్తాం. ఫ్లాస్కుల్లో తెచ్చుకున్న కాఫీ తాగి, బానెట్లు ఎత్తి, ఒకరి బండిని ఒకరం పొగుడుకుని, ఎండ ముదరకముందే ఇళ్లకు పోయే బాపతు. నాది హెరాల్డ్ కారు. జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పి మిగుల్చుకున్నదంతా దాని కడుపులోకే పోయింది.

ఆయన పేరు రాయను. అందరం పెద్దాయన అనేవాళ్లం. కంబదూరు దగ్గర వాళ్ల నాయన సంపాదించిన పొలాలు, వాళ్ల నాయన కొన్న నల్ల అంబాసిడర్, వాళ్ల నాయన నిలబెట్టిన పరపతి. ఈయన సొంతంగా సంపాదించుకున్నది గొంతు ఒక్కటే. తెల్లచొక్కా, కాలరు నల్లబడకుండా మెడ చుట్టూ మడిచిన చేతిరుమాలు, చంకలో ఒక పసుపు గుడ్డ. ఆ గుడ్డతో కారు తుడవగా నేను చూడలేదు. ఎవరైనా ఆయన బానెట్ మీద చెయ్యి ఆనిస్తే మాత్రం, వాళ్లు చెయ్యి తీసేదాకా ఆగి, వాళ్లు చూస్తుండగానే అంత మేర తుడిచేవాడు.

మిల్లు ఆవరణలో ఒకవైపు వేపచెట్లున్నాయి. ఆ నీడను పంచే అధికారం ఆయనకు ఎవరిచ్చారో నాకు ఇప్పటికీ తెలియదు. పాతవాళ్ల బండ్లు నీడలో, కొత్తవాళ్లవి ఎండలో. మా ఊరి ఎండ ఎరిగినవాళ్లకు అదెంత పెద్ద శిక్షో చెప్పనక్కర్లేదు. తొమ్మిది దాటితే డోరు పిడి పట్టుకోలేం. "కొత్తోడివి కదప్పా, ఎండలోనే పెట్టు. రంగు నిలుస్తుందో లేదో తెలుస్తాది" అనేవాడు. అని తన అంబాసిడర్‌ను నీడ నడిమధ్యకు జరుపుకునేవాడు.

తర్వాత పరీక్ష. కొత్తగా వచ్చినవాడు ఉత్సాహంగా తన బండి చరిత్ర చెప్పబోతుంటే చెయ్యెత్తి ఆపేవాడు. మధ్యవేలు మడిచి, ఆ కణుపుతో డోరు మీద, ముందు మడ్‌గార్డు మీద, డిక్కీ మీద టకటకా కొట్టి, కళ్లు మూసుకుని వినేవాడు, సంతలో పుచ్చకాయ బేరమాడుతున్నట్టు. తుప్పు పట్టిన చోట లప్పం నింపి రంగు పూసి ఉంటే రేకు మొద్దుగా పలుకుతుంది. అది విననంతసేపూ ఆయన ముఖంలో కళ ఉండేది కాదు. వినబడగానే వెలిగిపోయేవాడు. "లప్పం" అని ఒక్కమాట అని, చేతిరుమాలు సర్దుకుంటూ పోయి కాఫీ తాగేవాడు. ఆ కుర్రాడు ఎండలో తన కారు పక్కన నిలబడి ఉండేవాడు. అలా నిలబడ్డవాళ్లలో ఎక్కువమంది మళ్లీ రాలేదు.

వాళ్లెవరూ రావడం లేదని ప్రతి జనవరిలోనూ బాధపడేవాడు కూడా. జనవరి ఇరవై ఆరున మా బండ్లన్నీ వరసగా ఊరంతా తిరుగుతాయి. మాకు ఉన్న పండగ అదొక్కటే. బయల్దేరేముందు మైకు పట్టుకుని "కొత్త రక్తం రావాలప్పా! మా తరంతోనే ఇది పోగూడదు!" అనేవాడు. చప్పట్లు కొట్టేవాళ్లం. ఆయనకు కావలసింది కొత్త రక్తమే, కాకపోతే తాగడానికి.

ఆయన సిద్ధాంతం ఒకటి చెప్పాలి. అందులో సగం నిజమే, అందుకే ఇంకా చికాకు. మా వైపు వాన తక్కువ గనక పాత రేకు తుప్పు పట్టదు. "దేవుడు మన సీమకు వాన ఇయ్యకపోయినా రేకు ఇచ్చినాడప్పా. కోస్తా బండిని పైకెత్తి చూడు, అడుగున జల్లెడ ఉంటాది" అనేవాడు. కరువు తన ఘనతే అన్నట్టు చెప్పేవాడు. ఆయన పొలం కౌలుకు చేసిన మనిషి వేరుశనగ ఎండిపోయి, ఆ మాట చెప్పుకోవడానికి మిల్లు దాకా వెతుక్కుంటూ వచ్చిన రోజున కూడా, ఈయన ఆకాశం వైపు చూసి తృప్తిగా తల ఊపడం నా కళ్లతో చూశాను.

ఆ సిద్ధాంతం నుంచే మా గుంపు ఆచారం పుట్టింది. మా ఎండకు వైపరు రబ్బర్లు కరిగి అద్దానికి అంటుకుని మచ్చలు పడతాయి. అందుకని ఆయన వాటిని పీకేశాడు. ఆయన్ను చూసి అందరూ పీకేశారు. పోను పోను అది దీక్ష ఇచ్చినట్టయింది. కొత్తవాడి బండి పరీక్షలో నెగ్గితే ఆయనే స్వయంగా ఆ రబ్బర్లు ఊడదీసి వాడి చేతిలో పెట్టేవాడు. "వాన కోసరం కాచుకోని ఉండావా అప్పా?" అని అడిగేవాడు. అందరం నవ్వేవాళ్లం. వాడు ఆ రబ్బర్లను ఇంట్లో అటక మీద పడేసి మావాడయ్యేవాడు. అద్దం ముందు రెండు ఒట్టి పుల్లలతో తిరగడం మాకు గర్వంగా ఉండేది. ఇంత తెలివితక్కువ గర్వం వానలు పడే ఊళ్లో ఎవరికీ రాదు.

ఆ అమ్మాయి నిరుడు వానాకాలం మొదట్లో వచ్చింది. వానాకాలమంటే క్యాలెండర్ ప్రకారం. ధర్మవరంలో చీరల అంగడి చూసుకునే ముప్పై ఏళ్ల మనిషి. చిలకపచ్చ పద్మిని కారును తనే తోలుకుని వచ్చి, చెప్పక ముందే ఎండలో ఆపి, అందరికీ నమస్కారం పెట్టింది. కారు వాళ్ల నాయనది. ఆయన మగ్గాల మీద నేయించిన పట్టుచీరలు వెనకసీటు నిండా పేర్చుకుని చిలమత్తూరు మీదుగా బెంగుళూరు పోయి అమ్ముకొచ్చిన మనిషి. పక్షవాతం వచ్చి కుడికాలు, కుడిచెయ్యి పడిపోయాయట. మాట మాత్రం మిగిలింది.

"మా నాయన నన్ను ఒకటే అడిగినాడు సార్" అంది పెద్దాయనతో. "జనవరిలో మీరంతా వరసగా పోతారు కదా, ఆ వరసలో మా బండి పోవల్ల, ముందు సీట్లో తను కూచోవల్ల అని. దానికోసరమే వచ్చినా."

పెద్దాయన ఆమె వైపు చూడలేదు. రంగు చూస్తున్నాడు.

"ఈ రంగు యాడిది పాపా?"

"మా నాయన వేయించినాడు సార్. మగ్గం మీద పట్టుపోగు ఒకటి తీసకపోయి, పెయింటరు పక్కన నిలబడి అదే రంగు వచ్చేదాకా కలిపిచ్చినాడు."

"ఫ్యాక్టరీలో ఈ రంగు లేదు. చీరకేసే రంగు బండికేస్తారా ఎవురన్నా? ఇది కారు కాదు పాపా, చీర. మడిచి బీరువాలో పెట్టుకో."

నవ్వులు. ఆ నవ్వులు ఆగేదాకా ఆమె నిలబడి, "ఫ్యాక్టరీవాళ్లు ఒక్కదినం తోలింటారు సార్. మా నాయన వయసంతా తోలినాడు" అంది. మాలో ఒకరిద్దరు కాఫీ కప్పుల్లోకి చూసుకున్నారు.

ఆయన వేలు మడిచాడు. డోర్లు, మడ్‌గార్డులు, డిక్కీ, చివరికి వంగి అడుగు కూడా కొట్టి చూశాడు. ఎక్కడా మొద్దుగా పలకలేదు. ధర్మవరం రేకు కదా, ఆయన సిద్ధాంతమే ఆయన్ను ముంచింది. ఏదో ఒకటి చెయ్యాలి గనక వైపరు మీద చెయ్యేశాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"అవి ఉండనీండి సార్. అవి లేకుండా బండి బయటికి తీసేదానికి మా నాయన ఒప్పుకోడు. పట్టుమీద నీటిచుక్క పడితే యాపారం పాయె. మబ్బు ఉన్నా లేకపోయినా పొద్దున లేస్తానే ఆ రబ్బర్లు తడుముకోని బయల్దేరేవాడు."

"వాన కోసరం కాచుకోని ఉండారా మీ ఇంట్లో?"

"కాచుకోలేదు సార్. భయపడతాండాము."

ఈసారి నవ్వు రాలేదు. పెద్దాయన చెయ్యి వెనక్కి తీసుకుని పసుపు గుడ్డతో తుడుచుకున్నాడు. "రంగు మార్చుకోని రా, చూద్దాం. అంతదాకా వెనకాల వచ్చేటట్టయితే రా. వరసలో మాత్రం లేదు" అన్నాడు.

ఆమె వస్తూనే ఉంది. ప్రతిసారీ ఎండలోనే ఆపేది. ఆ పట్టుదల ఎందుకో నాకు తెలుసు. ఇంట్లో మంచం మీద ఉన్న మనిషికి కలిసిన ప్రతి ఆదివారం సాయంత్రం జవాబు చెప్పుకోవాలి కదా.

అక్టోబరులో అందరం కుందుర్పి కోట చూడటానికి బయల్దేరాం. ముందు నల్ల అంబాసిడర్, దాని వెనక మేం, అందరికీ వెనక, కొంచెం ఎడంగా, వరసలో లెక్కకు రాకుండా చిలకపచ్చ పద్మిని. కోట ఎక్కి దిగి, పులిహోర తిని తిరుగుముఖం పట్టాక, కళ్యాణదుర్గం ఇంకా దూరం ఉండగా ఆకాశం నల్లబడింది. పెద్దాయన కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, ఏమీ లేదు పదండి అన్నట్టు ఊపాడు. ఆ చెయ్యి లోపలికి పోకముందే వాన పడింది.

మామూలు వాన కాదు. కొన్నేళ్ల బాకీ ఒక్కసారిగా తీర్చుకున్నట్టు పడింది. నా ముందు అద్దం అద్దంలా లేదు. రోడ్డేదో చేనేదో తెలియడం లేదు. ఒక్కొక్కరం ఎక్కడివాళ్లం అక్కడే ఆగిపోయాం. కార్లలో కూర్చుని, అద్దం ముందు నిలబడిన రెండు ఒట్టి పుల్లలను చూసుకున్నాం. రబ్బర్లన్నీ అనంతపురంలో మా మా అటకల మీద భద్రంగా ఉన్నాయి. పక్క చేలో నుంచి ఒక రైతు తలమీద గోనెసంచి కప్పుకుని, వానకు మురిసిపోతూ పరిగెత్తుకొచ్చి మమ్మల్ని చూశాడు. "ఏమప్పా, ఇన్ని కార్లు ఈడ నిలబెట్టినారు, ఎవురన్నా మంత్రి వస్తాండాడా?" అని అడిగాడు. ఒట్టి పుల్లల వైపు చూపించాను.

అప్పుడు వెనకనుంచి పద్మిని వచ్చింది. వైపర్లు టపటపా ఆడుతున్నాయి. ఆమె ఒక్కో కారు పక్కన ఆగి అద్దం దించి, "నా వెనకాల ఎర్రలైట్లు చూసుకుంటా మెల్లిగా రాండన్నా" అని చెప్పుకుంటూ పోయింది. పోయాం. రంగు బాగాలేదని వరసలోకి రానివ్వని బండి తోక పట్టుకుని, బుద్ధిమంతుల్లా, ఒకరి వెనక ఒకరం పోయాం. అంబాసిడర్ దగ్గర ఆమె ఎక్కువసేపు ఆగింది. ఏం మాట్లాడుకున్నారో వానలో వినబడలేదు. అద్దం సగం దిగి మళ్లీ పైకి లేవడం మాత్రం కనబడింది. ఆయన రాలేదు.

కళ్యాణదుర్గంలో ఒక హోటలు ముందు ఆగి వేడివేడి మిరపకాయ బజ్జీలు తింటూ ఎదురు చూశాం. వాన తగ్గి చాలాసేపయ్యాక ఆయన వచ్చాడు. కిటికీలోంచి తల బయటపెట్టి తోలుకొచ్చినట్టున్నాడు, ఎడమవైపు చొక్కా పొడిగా ఉంది, కుడివైపు ఒంటికి అతుక్కుపోయింది. చేతిరుమాలు జారి మెడలో తాడులా వేలాడుతోంది. అందరం లేచి నిలబడ్డాం. ఆ అమ్మాయి బజ్జీల పళ్లెం ముందుకు జరిపింది. ఆయన దాని వైపు చూడకుండా, "పద్ధతి లేని వాన" అన్నాడు. అంతే. తప్పు వానది.

అక్కడితో బుద్ధి వచ్చి ఉంటుందనుకున్నాను. మరుసటి నెల మిల్లులో ఇంజనీరింగ్ చదివే కుర్రాడొకడు తాత జీపు వేసుకుని వచ్చాడు. పెద్దాయన డోరు కొట్టి విని, నవ్వుముఖంతో వైపరు రబ్బర్లు ఊడదీసి వాడి చేతిలో పెట్టి, "వాన కోసరం కాచుకోని ఉండావా?" అని అడిగాడు. మా వాళ్లు నవ్వారు! కళ్యాణదుర్గం రోడ్డు మీద నీళ్లు కారే అద్దాల వెనక కూర్చున్న పెద్దమనుషులే నవ్వారు. అందులో కొందరు అప్పటికే తమ బండ్లకు రబ్బర్లు కొని డిక్కీలో దాచుకున్నారని నాకు తెలుసు.

జనవరి వచ్చింది. ఆమె మళ్లీ అడిగింది. ఆయన మళ్లీ రంగు మాట ఎత్తాడు. ఇరవై ఆరో తేదీన మా వరస టవర్‌క్లాక్ దగ్గరికి వచ్చేసరికి, ఒక మందుల అంగడి ముందు ప్లాస్టిక్ కుర్చీలో ఇస్త్రీ చొక్కా వేసుకున్న ముసలాయన కూర్చుని ఉన్నాడు. పడిపోయిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. పక్కన ఆమె నిలబడి ఉంది. చిలకపచ్చ కారు సందులో ఆపి ఉంది. ఆమె తండ్రి మా బండ్లను ఒక్కొక్కదాన్నీ చూస్తున్నాడు. వరస ముందున్న అంబాసిడర్‌లోంచి పెద్దాయన చెయ్యి బయటపెట్టి, ఎన్నికల్లో నిలబడ్డ మనిషిలా, ఆ ముసలాయనకు ఊపుకుంటూ పోయాడు. కుర్చీలో ఉన్నది ఎవరో తెలియక కాదు. తెలిసే ఊపాడు. ఆ చెయ్యిని నేను ఈ జన్మలో మరిచిపోను.

ఇదీ ఆయన చేయిపట్టి నడిపించిన తీరు.

నిన్న ఆయన్ను కంబదూరు దగ్గరున్న సొంత ఊరికి తీసుకుపోయారు. చివరిసారిగా ఆయన వెనక మా బండ్లన్నీ వరసగా పోవాలని గ్రూపులో తీర్మానించారు. పొద్దున ఆయన ఇంటిముందు చేరాం. కాసేపటికి చిలకపచ్చ పద్మిని వచ్చి ఆగింది. ముందుసీట్లో వాళ్ల నాయన. మా వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేను దగ్గరికి పోయి, "మీరెందుకమ్మా ఇంత దూరం..." అన్నాను.

"చావుకు పోయేదానికి ఎవురి పర్మిషనూ వద్దు కదన్నా" అందామె. "రావద్దని ఎవురూ అనలేరు కూడా."

పెద్దాయన కొడుకు మంచివాడు. తండ్రి లాంటివాడు కాదు. అంబాసిడర్ బానెట్‌కు పూలదండ కట్టడానికి దారం కోసం డ్యాష్‌బోర్డు పెట్టె తెరిచాడు. లోపలినుంచి పొడుగాటి ప్లాస్టిక్ కవరు జారి బయట పడింది. కొత్త వైపరు రబ్బర్లు. కవరు విప్పను కూడా లేదు.

"కుందుర్పి నుంచి వచ్చిన మర్నాడే నాతో తెప్పిచ్చినాడు" అన్నాడు కొడుకు. "వేసేదా నాయనా అంటే, ఈడ ఉండనీ, ఎవురికీ చెప్పొద్దు అన్నాడు."

పక్కనున్న ఒకరిద్దరు కళ్లు తుడుచుకున్నారు, పాపం ఆయన మనసులో మారాడని. నాకు కన్నీళ్లు రాలేదు. మారనే లేదు. తెలిసింది, అంతే. రబ్బర్లు పెట్టెలో దాచుకుని వచ్చి ఆ జీపు కుర్రాడివి పీకాడు. తెలియక చేసి ఉంటే ఏదో ఒకనాడు క్షమించేవాణ్ణి. తెలిసి చేశాడు గనక ఇక నావల్ల కాదు.

ఆమె కవరు అందుకుంది. "వేసేద్దామా అన్నా?" అని కొడుకును అడిగింది. అతను తలూపాడు. రెండు పుల్లలకూ రబ్బర్లు తొడిగి, వేలితో ఒకసారి లాగి చూసి, పోయి తన బండిలో కూర్చుంది. బయల్దేరేటప్పుడు ఎవరూ చెప్పకుండానే వరస చివర చేరింది. ఈసారి ఎడంగా లేదు. మట్టిదారి పట్టాక అందరి దుమ్మూ వాళ్ల మీదే. అద్దంలోంచి చూస్తే ఆ ముసలాయన కిటికీ దించుకుని, ముఖమంతా ఎర్రమట్టితో, పెళ్లికి పోతున్నవాడిలా కూర్చుని ఉన్నాడు.

పొలంలోనే పూడ్చారు. మట్టి వేసి, కాళ్లు కడుక్కుని బండ్ల దగ్గరికి వచ్చేసరికి గట్టు మీద ఒక మనిషి జీపు ఆపి మాకోసం నిలబడి ఉన్నాడు. ఆ ఊరి రైతే. "మా ఇంటామె తాతకాలం బండి అన్నా, ఎనిమిదేండ్లు పాకలో పడుండె. ఈ మధ్యనే స్టార్ట్ చేసినా. మీతో కలిసేదానికి ఏం చెయ్యల్ల?" అని అడిగాడు తడబడుతూ. మా వాళ్లు చేతులు వెనక్కి కట్టుకుని జీపు చుట్టూ చేరారు. వాట్సాప్‌లో మహనీయుడని రాసిన ఆయన ఒక అడుగు ముందుకు వేసి, కళ్లు సగం మూసి, మధ్యవేలు మడిచి డోరు మీదికి ఎత్తాడు.

చిలకపచ్చ కారులోంచి ముసలాయన గొంతు వచ్చింది. మాట కొంచెం ముద్దగా ఉన్నా అందరికీ వినబడింది.

"ఏమప్పా, ఇప్పుడే కదా ఆయప్పను పూడ్చిపెట్టి వచ్చినారు?"

ఎత్తిన వేలు అలాగే ఆగింది. తర్వాత మెల్లగా జేబులోకి పోయింది.